మానెడు ఇంజను, అడ్డెడు ఇంజను

రండి, ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. మోకాళ్లు వంగనివాళ్లు కాళ్లు చాపుకునే కూర్చోండి, నేనూ అలాగే కూర్చున్నాను, ఇక్కడ తప్పు పట్టేవాళ్లు ఎవరూ లేరు. నా ఈడువాళ్లయితే నేను సగం చెప్పేసరికి మిగతా సగం మీకే తెలిసిపోతుంది. చిన్నవాళ్లయితే చేతిలో ఫోను కాసేపు బోర్లా పెట్టి వినండి. నేను చదివింది మూడో తరగతి. కానీ చూసింది మరిచిపోయే అలవాటు నాకు లేదు, అది మంచిదో చెడ్డదో ఆ భగవంతుడికే తెలియాలి.

మొన్న మా మనవరాలు కొత్త కారు కొనుక్కుని, ముందుగా నన్నే ఎక్కించుకుంటానని పట్టుబట్టి, రాజాం నుంచి పాతపట్నం అమ్మవారి గుడి దాకా తీసుకువెళ్లింది. ముందు సీట్లో దాని పక్కనే కూర్చున్నాను. అది మధ్యలో ఉన్న బొడిపెను ఒక్కసారి కిందికి లాగి వదిలేసింది, ఇంక దాని జోలికి పోలేదు. వంతెన ఎక్కినా, బండి అడ్డొచ్చినా, సంతలో మనుషుల మధ్య నత్తలా నడిచినా దాని ఎడం చెయ్యి ఒళ్లోనే పడుకుని ఉంది. ఎడం కాలు కూడా అంతే. గేర్లు మార్చవేమే అని అడిగితే, దీనికి గేర్లు మార్చక్కర్లేదు నాయనమ్మా, అదే మార్చుకుంటుంది అని నవ్వింది. దారి పొడుగునా నేను రోడ్డు చూడలేదు, ఆ ఊరికే ఉన్న చేతినే చూస్తూ కూర్చున్నాను. గుడి దగ్గర టీ తెచ్చి ఇస్తే, గ్లాసు మరీ వేడిగా ఉందని చెప్పి పక్కన పెట్టేశాను. నా మనసంతా అరవైల చివర్లో, నా పెళ్లయిన రెండో కార్తీకంలో, మా రాజాం షెడ్డులో ఉంది.

మా పుట్టిల్లు పొందూరు. వాలుగ చేప దవడతో దూది ఏకి, రాట్నం మీద వెంట్రుకంత సన్నం నూలు తీసే ఇల్లు మాది. అటువంటి దూదీ దారాల మధ్య నుంచి నన్ను తీసుకొచ్చి రాజాంలో గ్రీజు వాసన కొట్టే ఇంట్లో పడేశారు. మా ఆయనా, మా బావగారూ అన్నదమ్ములిద్దరూ పాలకొండ రోడ్డులో మోటారు షెడ్డు నడిపేవారు. మావగారు ముప్పై ఏళ్లు ఒక జమీందారుగారి బంగళాలో కారు డ్రైవరుగా చేసి అప్పటికే మానేశారు. మానేశారని మేమనేవాళ్లం. ఆ ముందు ఏడు చైత్రంలో ఒక పొద్దున్న ఆయన ఎడం చేతిలోంచి మంచినీళ్ల గ్లాసు జారి పడింది. ఆ తర్వాత ఆ చేతికి పట్టు రాలేదు. వేళ్లు మూసుకుంటే మూసుకున్నట్టు, తెరుచుకుంటే తెరుచుకున్నట్టు ఉండేవి. చెయ్యి భుజం దాకా ఆడేది, మణికట్టు కింద మాత్రం మాట వినేది కాదు.

అయితే ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ నోటితో అనేవాళ్లు కాదు. అదొక కట్టుబాటు. మా అత్తగారు పొద్దున్నే తలుపు మూసి ఆయనకు పంచె కట్టేది, బయటికొచ్చాక ఆయనే కట్టుకున్నట్టు ఉండేవారు. కుర్చీలో కూర్చునేటప్పుడు కుడి చేత్తో ఎడం చేతిని ఎత్తి ఒళ్లో పెట్టుకునేవారు, ఆ క్షణానికి మేమంతా ఎటో చూసేవాళ్లం. మావగారి ఎదుట కోడళ్లం నిలబడి మాట్లాడే రోజులు కావవి. నేను తలుపు చాటునుంచే మజ్జిగ అందించేదాన్ని. కానీ తలుపు చాటున ఉన్నవాళ్లకే ఎక్కువ కనిపిస్తుంది, ఆ సంగతి మీకు నేను చెప్పాలా.

ఆ ఏడు దసరా వెళ్లాక బంగళా చినబాబు, ఆ జమీందారుగారి మనవడు, తన కారు పొగ గొట్టానికి అతుకు వేయించుకోవడానికి షెడ్డుకు వచ్చాడు. విజయనగరం అవతల యుద్ధం నాటి ఏరోడ్రం ఒకటి ఉండేది. విమానాలు ఎప్పుడో పోయాయి, సిమెంటు బాట మాత్రం చూపు ఆనినంత దూరం తిన్నగా ఉండిపోయింది. చుట్టుపక్కల రైతులు దాని మీద గోగునార ఆరబెట్టుకునేవారు. కార్తీకంలో ఒక ఆదివారం ఆ బాట మీద కార్ల పరుగు పెడుతున్నామని, ఒక్కోసారికి రెండేసి కార్లు, మలుపూ గిలుపూ ఏమీ లేకుండా తిన్నగా రెండు ఫర్లాంగులని, ఎవరు ముందు దాటితే వాళ్లదే గెలుపని చినబాబు మా వాళ్లకు చెబుతున్నాడు. నులకమంచం మీద కూర్చున్న మావగారు ఎవరూ అడక్కుండానే అందుకున్నారు.

“నేనూ వస్తాను బాబూ.”

షెడ్డులో సుత్తి చప్పుడు ఆగిపోయింది. మా బావగారు ఏదో అనబోయి మింగేశారు. అప్పుడు మావగారు చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి.

“ముప్పై ఏళ్లు తోలినాను బాబూ. ఎనకాల తెరలు కట్టుకుని మీ అమ్మగోరు, మీ నానమ్మగోరు. ముల్లు ముప్పై దాటితే సాలు, మీ తాతగోరి సేతికర్ర నా సీటు మీద టక్కుమనీది. ఒక్కపాలి కూడా నా కాలు ఆ పెడలు అడుగంటా తొక్కింది నేదు. ఆ కారు ఎంత పరిగెడతాదో నాకే తెల్దు. ఒక్క పాలి తెలుసుకుని సచ్చిపోతాను.”

చినబాబు నవ్వి తప్పకుండా రమ్మన్నాడు. అతణ్ణి చిన్నప్పుడు వెనక సీట్లో కూర్చోబెట్టుకుని బడికి దింపింది మావగారే. ఆయన చేతి సంగతి అతనికి తెలియదు, మా వాళ్లు చెప్పలేదు. చెప్తే మావగారు ముఖం ఎక్కడ పెట్టుకుంటారు?

కారు ఉంది. మావగారు మానేసినప్పుడు బంగళావారు పాత నల్ల విలాయితీ కారొకటి ఇచ్చారు, ఇంజను పగిలిపోయి తుప్పు పట్టింది, కోళ్లు గుడ్లు పెట్టుకునేవి అందులో. దానికి ఇంజను కావాలి. షెడ్డులో రెండు ఇంజన్లు ఉండేవి. ఒకటి కల్వర్టు మీంచి పడిన టాక్సీది, చిన్నది. రెండోది మిలటరీ లారీది, ఇనప సామానుగా తూకానికి కొన్నది, పెద్దది. ఈ చిన్నా పెద్దా అంటే ఏమిటని అడిగాను మా ఆయన్ని. సీసీ అన్నాడు. సీసీ అంటే ఏమిటన్నాను. అప్పుడాయన వంటింట్లోకి వచ్చి, బియ్యం కొలిచే మానికలోనూ, దానికి రెండింతలుండే అడ్డలోనూ నీళ్లు నింపి గట్టు మీద పెట్టాడు. ఇంజను రెండు చుట్లు తిరిగితే లోపలున్న గొట్టాలన్నీ కలిపి ఎంత గాలి తాగుతాయో అదీ లెక్క, టాక్సీది మానెడు తాగుతుంది, లారీది అడ్డెడుకు కాస్త పైన తాగుతుంది అని చెప్పాడు. అంతలో మా అత్తగారు పెరట్లోంచి వచ్చింది.

“ఓర్నాయనో! బియ్యం కొలిసే అడ్డలో నీళ్లు పోసీసినావేట్రా? రేపు అన్నం పుడతాదేట్రా మనకి? పెళ్లాం ముందర పాఠాలు సెప్పడానికి నా కొలతలే దొరికినాయా గుంటడా?”

ఆయన పారిపోయాడు. కానీ ఆ రోజునుంచి మా ఇంట్లో వాటి పేర్లు అవే, మానెడు ఇంజను, అడ్డెడు ఇంజను. మా ఆయన మానెడు ఇంజను వైపు, మా బావగారు అడ్డెడు ఇంజను వైపు. అన్నం తింటున్నా అదే గొడవ, కాళ్లు కడుక్కుంటున్నా అదే గొడవ.

“ముక్కు మీద బండరాయి పెట్టుకుని పరిగెడతామేటి అన్నయ్యా? నాది తేలిక. తుర్రుమంటాది.”

“తుర్రుమని గోల సేస్తాది, పని సెయ్యదు. దాని గొంతు పెద్దదిరా, పొట్ట సిన్నది.”

మా ఆయన చెప్పిందీ ఒట్టి మాట కాదు. చిన్న ఇంజను మహా వేగంగా తిరుగుతుంది, కానీ దాని బలమంతా ఆ వేగంలోనే ఉంది. అందుకని ఎప్పుడూ దాన్ని ఉరుకులోనే ఉంచాలి. దానికి నాలుగు గేర్ల పెట్టె, వెనక ఇరుసులో పొట్టి గేరు, అంటే తొందరగా ఊపందుకునే గేరు, కావాలి. అలా అయితే రెండు ఫర్లాంగుల్లో మూడుసార్లు గేరు మార్చాలి, టక టక టకమని. పెద్ద ఇంజను నిదానంగా తిరుగుతుంది, కానీ మొదటి చుట్టు నుంచే గుంజుతుంది. ఇద్దరిలో ఎవరిది ఒప్పో తేలక, బస్సులు రాని మిట్టమధ్యాహ్నం పాలకొండ రోడ్డులో తిన్నగా ఉన్న చోట, చింతచెట్టు నుంచి మైలురాయి దాకా, ముందు ఒక ఇంజను, నాలుగు రోజులయ్యాక రెండోది ఎక్కించి, మా ఆయనే రెండూ తోలాడు. బావగారు గడియారం పట్టుకున్నారు. మానెడు ఇంజను రెండు సెకన్ల పైన ముందుంది. మా బావగారు గడియారం చెవి దగ్గర పెట్టుకుని ఆడుతోందా లేదా అని విని, సరే, నీదే పెట్టు అన్నారు.

పుట్టిన దగ్గర్నుంచి అన్న వెనకాలే నడిచిన మనిషికి ఆ ఒక్క మాట ఎంతో మీరే అనుకోండి. ఆ వారం రోజులూ మా ఆయన ఈల వేసుకుంటూ పని చేశాడు.

పరుగు ఇంక తొమ్మిది రోజులుందనగా మావగారు కారెక్కారు. షెడ్డు వెనక ఖాళీ స్థలంలో నేను కొబ్బరి మట్టలు ఏరుతున్నాను, అంతా చూశాను. మొదటి గేరులో బాగానే కదిలింది. రెండో గేరుకు మార్చాలి. ఎడం చెయ్యి వెళ్లి రాడ్డు మీద వాలింది, పట్టు లేదు, జారింది, మళ్లీ వాలింది, లోపల పళ్లు గరగరమన్నాయి. కుడి చెయ్యి స్టీరింగు వదిలేసి వచ్చి సాయం పట్టే లోపల కారు దాదాపు ఆగిపోయింది. ఆయన దిగి, ముఖం మామూలుగానే పెట్టి అన్నారు.

“క్లచ్చి పట్టీస్తన్నాదిరా. ఇప్పి సూడండి.”

వాళ్లిద్దరూ సరే నాన్నా అన్నారు. ఆ సాయంత్రమే గేరు పెట్టె దింపి, క్లచ్చి పలకలు బయటికి తీసి, పెట్రోలుతో కడిగి, ఏ జబ్బూ లేని క్లచ్చిని మళ్లీ బిగించారు. రెండు రోజులకు మావగారు మళ్లీ ఎక్కారు. మళ్లీ అదే గరగర. ఈసారీ క్లచ్చే అన్నారు. ఈసారీ సరే నాన్నా అన్నారు. నాకు తెలుసు, వాళ్లిద్దరికీ తెలుసు, మా అత్తగారికీ తెలుసు. అయినా మెకానిక్కు పనిలో పేరున్న ఇద్దరు మగవాళ్లు నిక్షేపంలా ఉన్న క్లచ్చిని రెండోసారి విప్పుకుని కూర్చున్నారు, ఎందుకంటే తండ్రి చెయ్యి పాడయిందనడం కంటే క్లచ్చి పాడయిందనడం వాళ్లకు తేలిక.

ఆ మధ్యాహ్నం నేను క్యారేజీ తీసుకుని షెడ్డుకు వెళ్లాను. మావగారు ఇంటి దగ్గర నిద్రపోతున్నారు. గోనెసంచి మీద క్లచ్చి పలక అద్దంలా మెరుస్తోంది. మా ఆయన దాన్ని తుడిచిందే తుడుస్తున్నాడు.

“దీనికేటి జబ్బయ్యా?” అన్నాను.

“ఏటీ నేదు.”

“మరెందుకు రెండుసార్లు కోసినారు?”

ఆయన పలక పక్కన పెట్టి, నేను పెట్టిన అన్నం ముందుకు లాక్కున్నాడు.  అప్పుడు నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చి, అడగకుండానే చెప్పడం మొదలుపెట్టాను. పొందూరులో మా అమ్మమ్మకు చివరి రోజుల్లో చెయ్యి వణికేది. రాట్నం చక్రం పెద్దది, నూలు చుట్టుకునే కదురు సన్నం. చక్రం ఒక్క చుట్టు తిరిగితే కదురు వందసార్లో ఎన్నిసార్లో గిర్రున తిరుగుతుంది. ఆ వేగానికి అమ్మమ్మ చెయ్యి అందుకోలేక దారం తెగిపోయేది. తెగినప్పుడల్లా దూది మంచిది కాదు అనేది అమ్మమ్మ, మేమంతా అవును, ఈసారి దూది మంచిది రాలేదు అనేవాళ్లం. ఒకనాడు మా అమ్మ ఏమీ అనకుండా, చక్రాన్నీ కదురునూ కలిపే మాలదారం కదురు మీద తిరిగే చోట చిన్న గుడ్డ పీలిక చుట్టి లావు చేసింది. లావైతే కదురు నెమ్మదిస్తుంది. అంతే, దారం తెగడం మానేసింది. నూలు తక్కువొస్తుందని మా పిన్ని గొణిగితే, మా అమ్మ అన్న మాట నేను మా ఆయనకు అలాగే చెప్పాను.

“దాని సెయ్యి అంతే లాగుతాది, మరి కదురే తగ్గాల. నూలు తక్కువైతే తక్కువే అవనీ అంది మా అమ్మ. మాకు దూది, మీకు క్లచ్చి. అంతే తేడా.”

చెప్పాక నాకే భయమేసింది. మావగారి చెయ్యి అన్న మాట నేను అనలేదు, అయినా అన్నట్టే అయింది. అప్పటిదాకా లారీ కింద పడుకుని ఉన్న మా బావగారు మెల్లగా బయటికి వచ్చారు. ఆయన అక్కడ ఉన్నారని నాకు తెలిస్తే నోరు విప్పేదాన్ని కాదు. ఆయన నన్ను చూడకుండా తమ్ముడితోనే మాట్లాడారు.

“మనం బండికి గేర్లు కట్టినాంరా సిన్నోడా, నాన్నకి కట్టలేదు.”

మా ఆయన మళ్లీ ఆ పలక వైపే చూశాడు. రెండు సెకన్లు ముందున్న ఇంజను ఆయనది. దాన్ని తనే దింపాలి. అన్న దింపమంటాడేమోనని నేను చూస్తున్నాను, అన్న అనలేదు. అన్నం పూర్తిగా తిని, చెయ్యి కడుక్కుని, గొలుసు తగిలించి మానెడు ఇంజనును మా ఆయనే పైకెత్తాడు. ఆ గొలుసు చప్పుడు వింటూనే నేను క్యారేజీ సర్దుకుని వచ్చేశాను.

తర్వాత అయిదు రోజులూ వాళ్లు ఇంటికి నిద్రకు తప్ప రాలేదు. అడ్డెడు ఇంజనుకు కారుతో పుట్టుకతో వచ్చిన మూడు గేర్ల పెట్టె తగిలించారు. ఆ ఇంజనుకు బలం ఉంది గనక మొదటి గేరు అక్కర్లేదు, రెండో గేరులోనే కదలగలదు. ముందే రెండులో పెట్టి నిలబెడితే దారిలో ఒక్కసారి మూడుకు మారిస్తే చాలు. ఆ మూడు గేర్ల పెట్టెలో రెండునుంచి మూడుకు రాడ్డును పక్కకు తిప్పక్కర్లేదు, తిన్నగా తనవైపు లాగితే వచ్చేస్తుంది. వేళ్లతో పని లేదు, మణికట్టు కొక్కెంలా తగిలించి భుజంతో లాగొచ్చు. ఇంక మిగిలింది వెనక ఇరుసు. అక్కడ పెద్ద పళ్ల చక్రం, చిన్న పళ్ల చక్రం ఉంటాయి, చిన్నది ఎన్ని చుట్లు తిరిగితే పెద్దది ఒక్క చుట్టు తిరుగుతుందో అదే ఆ ఇరుసు గుణం. లారీ ఇరుసు పెడితే కదలడం పొగరుగా కదులుతుంది గానీ సగం దారిలోనే ఆయాసపడుతుంది. కారు పాత ఇరుసు పెడితే చివరిదాకా ఊపిరి ఉంటుంది గానీ కదలడం ముసలి గేదెలా కదులుతుంది. మా బావగారు సుద్దముక్కతో నేలమీద పళ్లు లెక్కేసి లెక్కేసి, చివరికి కారు పాత ఇరుసే ఉంచుదామన్నారు. ఎందుకంటే లారీది పొట్టి ఇరుసు, అదైతే కదిలిన వెంటనే, ఆయన ఇంకా కుదురుకోకముందే గేరు మార్చాల్సి వస్తుంది. కారుది పొడుగు ఇరుసు, అదైతే సగం దారి దాటాక, ఆయనకు తోచినప్పుడు, తీరిగ్గా మార్చుకోవచ్చు. మొదట్లో నాలుగు కార్ల పొడుగు వెనకబడతాం అన్నాడు మా ఆయన. పడదాం అన్నారు బావగారు. ఇద్దరూ అడ్డెడు ఇంజను మీద చెయ్యి వేసి నిలబడి ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకోవడం నేను ఆ రోజే మొదటిసారి చూశాను.

నేను చేసిందల్లా ఒక్కటే. నా పాత ఖద్దరు చీర కొంగు చింపి, పీలికలు చేసి, గేరు రాడ్డు బొడిపె చుట్టూ బాగా లావుగా చుట్టి, పైన అడ్డంగా చిన్న కర్రముక్క పెట్టి కట్టమని మా ఆయనకిచ్చాను, మణికట్టు జారకుండా. మావగారు అడిగితే చెమటకు చెయ్యి జారకుండా అని చెప్పమన్నాను. ఇంజను ఎందుకు మార్చారని ఆయన అడిగితే మా బావగారు, అది నూనె తాగుతన్నాది నాన్నా అన్నారట. మావగారు “ఊఁ” అన్నారట. 

ఆదివారం మా అత్తగారూ నేనూ సరుకుల లారీలో ముందు కూర్చుని వెళ్లాం. రైతులు బాట మీద గోగునార పక్కకు లాగేసి కట్టలు పేర్చారు. మొదలు దగ్గర మగవాళ్ల గుంపు ఎక్కువని మేం ఆడవాళ్లం ఆ చివర, గెలుపు గీత దగ్గర నారకట్టల మీద కూర్చున్నాం. ఆ వాసన మీలో తెలిసినవాళ్లకు తెలుసు, నీళ్లలో ఊరి ఆరిన గోగునార వాసన, మంచిదని అనలేం, కానీ ఇప్పుడు ఎక్కడైనా తగిలితే ప్రాణం లేచొస్తుంది.

మావగారికి జోడీ చినబాబే. కావాలని అతనే అడిగి తీసుకున్నాడట. మొదలు దగ్గర జరిగిన మాటలు తర్వాత మా ఆయన చెప్పాడు. చినబాబు కిటికీలోంచి వంగి, నీతో నాకు పోటీ ఏటి మావా, నువ్వే ముందెళ్లు అన్నాడట. మావగారికి కోపం వచ్చిందట.

“సూడు బాబూ. నిన్ను సిన్నప్పుడు ఎనక సీట్లో కూకోబెట్టి తిప్పినాను. ఈయేళ నాకోసం నువ్వు బ్రేకు తొక్కినావో, బంగళాకొచ్చి మరీ తిడతాను. తెలిసిందా?”

పరుగు మొదలెట్టమని ఎత్తి పట్టుకున్న తువ్వాలు కింద పడింది. అంత దూరంనుంచి ముందు మాకు దుమ్మే కనిపించింది. చినబాబు కారు బాణంలా వచ్చేస్తోంది. దాని వెనకాల, మా ఆయన చెప్పినట్టే నాలుగు కార్ల వెనకాల, మా నల్ల కారు ముసలి గేదెలా కదిలింది. మా అత్తగారు నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ కారును చూడడం లేదు, కళ్లు మూసుకుని వింటోంది. ముప్పై ఏళ్లు మొగుడి కారు చప్పుడు వీధి చివరనుంచే గుర్తుపట్టిన మనిషి ఆవిడ. ఇంజను గొంతు లేచింది, ఇంకా లేచింది, ఇంక దానికి ఊపిరి లేదన్నంత దాకా లేచింది, ఒక్కసారిగా ఆగిపోయింది.

ఆ ఆగింది ఎంతసేపో నాకు తెలియదు. మా బావగారి గడియారాన్ని అడిగితే ఒక సెకను అంటుందేమో. నాకైతే అందులో రెండుసార్లు విప్పిన క్లచ్చి, మా అమ్మమ్మ తెగిన దారం, మూసిన తలుపు వెనక పంచె కట్టే మా అత్తగారి వేళ్లు, అన్నీ కనిపించాయి. గరగరమని వినపడుతుందేమోనని చూశాను. వినపడలేదు. తర్వాత ఆ ఇంజను అడుగునుంచి, పొట్టలోంచి లేచినట్టు, మందంగా మళ్లీ అందుకుంది.

“పడింది,” అంది మా అత్తగారు, కళ్లు తెరవకుండానే. “గేరు పడిపోనాది పిల్లా.”

అక్కణ్ణుంచి నల్ల కారు చినబాబు కారును మింగుతూ వచ్చింది. నాలుగు కార్ల దూరం మూడయింది, రెండయింది. మా ముందునుంచి దాటినప్పుడు ఒక్క కారు పొడుగంత వెనకబడి ఉంది. ఓడిపోయాం. కానీ నేను చూసింది ఆ ఓటమి కాదు. మావగారి ముఖం చూశాను. మావగారి ముఖం నేరుగా చూడడమే నాకు కొత్త. నోరు తెరిచి నవ్వుతున్నారు, కళ్లవెంట నీళ్లు గాలికి చెవుల దాకా పాకాయి, గీత దాటినా కాలు తియ్యలేదు. చినబాబు ఆగిపోయాడు, ఆయన ఆగలేదు. ఆ బాట ఉన్నంత దూరం, సిమెంటు అయిపోయి గడ్డి మొదలయ్యే దాకా వెళ్లి, అక్కడ ఆగి, తిరిగి ముల్లు ముప్పై దాటకుండా, వెనక అమ్మగార్లు కూర్చున్నట్టే మెల్లగా వచ్చి మా ముందు ఆపారు.

మా ఆయనా, బావగారూ పరుగెత్తుకుంటూ వచ్చారు. మావగారు దిగలేదు. ఎడం మణికట్టు ఇంకా ఆ పీలికల మీదే ఉంది.

“ఇది ఎవులు సుట్టినారు?”

 మా అత్తగారు గడ్డంతో నా వైపు చూపించింది. నేను నారకట్ట వెనక్కి జరగబోయాను.

“ఇలగ రా అమ్మా.”

పెళ్లయిన రెండేళ్లలో ఆయన నన్ను నేరుగా పిలవడం అదే మొదలు. వెళ్లి నిలబడ్డాను, తల ఎత్తలేదు.

“పొందూరోళ్లకి గేర్లేటి తెలుసే?”

“గేర్లు తెల్దు మావయ్యా. కదురు తెలుసు.”

ఆయన పకపకా నవ్వారు. తర్వాత కుడి చేత్తో ఎడం చేతిని ఎత్తి, మేం ఎప్పుడూ చూపు తిప్పుకునే ఆ పనే అందరి ముందూ చేసి, కిటికీ మీద పెట్టారు.

“ఈ సెయ్యి పోనాదిరా. నాకు తెలుసు, మీకూ తెలుసు. ఆ క్లచ్చికి పాపం ఏటీ నేదు, రెండుసార్లు దాని కడుపు కోయించీసినాను.”

మా బావగారు అంత పెద్ద మనిషీ చిన్నపిల్లాడిలా అడిగారు. “మరి ముందే సెప్పొచ్చు కదా నాన్నా?”

“మీరడిగినారేట్రా?”

అంతే ఆ మాట. మా అత్తగారు కొంగుతో ముఖం తుడుచుకుని, సరే గానీ దిగు, పంచె జారిపోతన్నాది అంది. మా ఆయన ముందుకొచ్చి, నడి బాట మీద, పదిమంది చూస్తుండగా, తండ్రికి పంచె కట్టాడు. ఆయన కట్టించుకున్నారు.

ఆ తర్వాత మావగారు రెండేళ్లు ఉన్నారు. ఆ రెండేళ్లూ పొద్దున్నే తలుపు తెరిచే ఉండేది, ఒరే ఎవులున్నారక్కడ, నా సెయ్యి లెగనేదు, పంచె కట్టండ్రా అని గట్టిగా పిలిచేవారు, ఎవరు దగ్గరుంటే వాళ్లం వెళ్లేవాళ్లం. మానెడు ఇంజను ఆ పాలకొండ రోడ్డులోనే తిరిగే ఒక టాక్సీకి వెళ్లిపోయింది. అది షెడ్డు ముందునుంచి తుర్రుమని పోయినప్పుడల్లా మా ఆయన చేతిలో పని ఆపి, మలుపు తిరిగే దాకా వినేవాడు. నేనేమీ అడిగేదాన్ని కాదు. అడగాల్సిందేమో.

ఇప్పుడు షెడ్డూ లేదు, ఆ కారూ లేదు, చూడ్డానికి ఆ నలుగురిలో ఒక్కరూ లేరు. మా అత్తగారి అడ్డ, మానిక మాత్రం అటక మీద ఉన్నాయి. మా మనవరాలి కారుకు గేరు మార్చే పనే లేదు. అటువంటిది ఆనాడు ఉండి ఉంటే మా మావగారు చివరిదాకా హాయిగా తోలుకునేవారు, ఆయన చెయ్యి ఎలా ఉందో ఎవరూ ఆలోచించక్కర్లేకపోయేది. తలుచుకుంటే సంతోషంగానూ ఉంటుంది, ఎక్కడో కలుక్కుమంటూనూ ఉంటుంది. కారు తన పని తను చేసుకోవడం నేర్చుకుంది, మరి మనుషుల పని ఎవరు చూడాలి?

పాతపట్నం నుంచి తిరిగొస్తూ ఇదంతా దానికి చెప్పాను. మా మనవరాలు కారు నెమ్మది చేసింది. తర్వాత రోడ్డు పక్కన ఆపి, ఒళ్లో ఊరికే ఉన్న ఆ ఎడం చేత్తో కొంగు కింద దాచుకున్న నా చెయ్యి తీసింది.

“నాయనమ్మా, టీ నిజంగా వేడిగా ఉందా?”

లేదు. చల్లారిపోయి ఉంది. మూడు నెలలనుంచి నా చెయ్యి వణుకుతోంది, మూడు నెలలనుంచి నేను గ్లాసుల మీద నెపం వేస్తున్నాను. క్లచ్చి పాడయిందని మరోసారి చెబుదామని నోటిదాకా వచ్చింది, కానీ ఆ పిల్ల అడిగింది కదా. అడిగినప్పుడు చెప్పకపోతే మావగారు పైనుంచి నవ్వుతారు. చెప్పేశాను. ఇప్పుడు నాకు రెండు చెవులున్న పెద్ద కప్పు కొనిచ్చింది, అందులో సగం దాకానే పోసి ఇస్తుంది.

ఇంతసేపు ఓపిగ్గా కూర్చున్నారు, మీ నడుములు నొప్పి పుట్టి ఉంటాయి, లేవండి. మీ ఇంట్లో ఎవరి చెయ్యి బరువెక్కినా అడిగే నోరు ఒకటి పక్కనే ఉండాలి, అడిగితే చెప్పే మనసు ఆ చేతికి ఉండాలి. మీ గాదెలో అడ్డా మానికా ఎప్పుడూ నిండుగా మునగాలి, మీ పిల్లల దారి ఆ ఏరోడ్రం బాటలా తిన్నగా సాగాలి. చల్లగా ఉండండి తల్లీ, చల్లగా ఉండండి నాయనా.